సోంబారి చెప్పి వెళ్ళిన పొద్దు

ముంచింగిపుట్టు సంతకు ఎగువనున్న గూడెంలో మిషను వాళ్ళు చిన్నపిల్లల బడి పెట్టి నాలుగు నెలలైంది. అక్కడి పంతులమ్మకు పని నేర్పడానికి విజయనగరం నుంచి వచ్చిన రత్నాలమ్మకు ఈ నాలుగు నెలల్లో ఓపిక అడుగంటింది.

"తల్లులతో కలిసిపోవే అంటే నీ తలకెక్కదేం?" అని ఆవేళ కూడా పంతులమ్మ అప్పలనర్సమ్మ మీద పడింది. "బుద్రి రాక ఆరు రోజులైంది. ఒక్కసారైనా ఆ ఇంటికి వెళ్ళావా?"

"ఎల్లినాను కదేటమ్మా? రెండుమాట్లు! దాని తల్లి సోంబారి సామలు దంచుకోడమే గాని ఉలకదు, పలకదు. రోకలి నా నెత్తిన పడకుండా వొచ్చీసినాను, అదే పదివేలు."

బుద్రికి నాలుగేళ్ళు. ఆ పిల్ల నిలిస్తేనే తామూ పిల్లల్ని పంపుతామని కింది గూడెం తల్లులు చెప్పేశారు. లేకపోతే ఉన్న అయిదుగురితో బడి సాగదు. ఇక లాభం లేదని రత్నాలమ్మ తానే బయల్దేరింది. అప్పలనర్సమ్మ గొణుక్కుంటూ వెనక నడిచింది.

వాళ్ళను చూసి సోంబారి రోకలి ఆపలేదు.

"పిల్లను ఎందుకు పంపడం లేదమ్మా?"

"ఏల పంపాల? నా గుంటకి సింతపిక్కలు సూపించి, అది అటు తిరగ్గానే నన్ను పొమ్మని సెయ్యూపింది ఈ పంతులమ్మ. నేనూ బుద్ధిలేక ఎల్లిపోనాను. ఏడిసేడిసి దాని గొంతు పోయింది. ఇప్పుడు నీల్లకెల్లినా నా కొంగు వొదల్దు."

"పిల్లలంతా అంతేనమ్మా, నాలుగు రోజులకి..."

"దాని అయ్య కూడా అలాగే ఎల్లినాడు, అస్సాం తేయాకు తోటలకి. గుంట పడుకునుండగా లేసి, సెప్పకుండా. ఏడాదైంది. ఇప్పటికీ పొద్దున్నే సాప తడుముతాది."

రత్నాలమ్మ గిర్రున అప్పలనర్సమ్మ వైపు తిరిగింది.

"నన్నలా సూత్తారేటమ్మా? పిక్కలు సూపించి తల్లిని బేగి తోలీమని మీరే కదా నేర్పినారు!"

నిజమే, నేర్పింది తనే. వచ్చిన కోపం ఎవరి మీద చూపాలో తెలియక రత్నాలమ్మ అరుగు మీద కూలబడింది.

"మరి ఏం చేద్దామో నువ్వే చెప్పు," అంది చివరికి. ఒక తల్లిని ఆ మాట అడగడం ఆమెకదే మొదలు.

సోంబారి రోకలి ఆపింది. "నేను దానికి సెప్పి ఎల్తాను. అది ఏడుత్తాది. ఏడవనియ్యాల. నేను కనబడినంతసేపూ దాన్ని సూడనియ్యాల."

"ఒకర్తి ఏడిత్తే అందరూ ఏడుత్తారు!" అంది అప్పలనర్సమ్మ.

"ఏడవనీవే," అంది రత్నాలమ్మ, విసుగ్గా.

మర్నాడు పొద్దున్న సోంబారి బడి ముందు చతికిలబడి, పిల్ల మొహం రెండు చేతులా పట్టుకుంది. "పోడుకి ఎల్లొత్తాను. పొద్దు ఆ కొండ మీదకి దిగినప్పుడు వొత్తాను."

బుద్రి గుక్కపట్టింది. అది చూసి మిగతా అయిదుగురూ అందుకున్నారు. అప్పలనర్సమ్మ చెవులు మూసుకుంది, ఆనక వాకిలి తడిక లాగి మూయబోయింది. రత్నాలమ్మ అడ్డం నిలబడింది.

సోంబారి నాలుగడుగులకోసారి ఆగి వెనక్కి తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఏడుపు హెచ్చుతోంది. ఇంకెంతసేపమ్మా, నడూ, అని రత్నాలమ్మ లోలోపల పళ్ళు నూరుకుంది. నూరుకుంటూనే బుద్రిని చంకనెత్తుకుని, బాట బాగా కనబడేలా తిప్పి పట్టుకుంది.