ఉప్పు చూసే గరిటె

నేను ఒక గరిటెను. అన్నం వడ్డించే దాన్ని కాను, పప్పు పోసే దాన్నీ కాను. ఉప్పు చూసే గరిటెను. మూరెడు కాడ, చివర చిన్న గుంట. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే కాస్త పులుసు తీసి అరచేతిలో వేసుకుని నాలుకతో చూస్తారే, ఆ పనికి పుట్టాను. అంచేత మనుషులు చాటుగా ఎంత తింటారో నాకు తెలిసినంతగా వాళ్ళ కంచాలకు తెలియదు.

రాజమండ్రిలో ఒక ఇరుకు రేకుల షెడ్డులో నన్ను చేశారు. స్టీలు రేకు కత్తిరించి, సుత్తితో గుంట కొట్టి, కాడకి రెండు రివెట్లు బిగించారు. అక్కణ్ణించి గవర్రాజు అనే పెళ్ళిళ్ళ వంటమేస్త్రీ నన్ను కొనుక్కున్నాడు. ఆయన ఎవర్నీ నమ్మేవాడు కాదు. నేతి డబ్బా మీద కూర్చుని వంట చేయించేవాడు. పనివాళ్ళెవరైనా మాట్లాడకుండా తల ఊపితే చాలు, "ఏదీ, నోరు తెరువు" అనేవాడు. తీరా అందరూ భోజనాలకి వెళ్ళాక, నాతో మూడేసి గరిటెలు బొబ్బట్ల పూర్ణం తీసుకుని "రుచి చూడాలి కదా" అని తనకు తనే చెప్పుకునేవాడు. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళున్నాను. వంటింట్లో ఎవరి మాటా నమ్మకూడదని అక్కడే నేర్చుకున్నాను.

గవర్రాజు దగ్గర కూరలు తరిగే మనిషి నూకరత్నం. ఆయన పని మానేస్తూ నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. రత్నం కాకినాడలో, కాలేజీ రోడ్డులో కర్రీ పాయింటు తెరిచింది. ఆమె గుత్తివంకాయకి, పనసపొట్టుకి పదకొండు కాకముందే జనం నిలబడేవారు. మొగుడు సూరిబాబు ట్రాలీ ఆటో నడుపుతాడు. వంటలో సాయానికి పైడితల్లి అనే పక్కింటావిడ వస్తుంది. రత్నాన్ని అక్కా అని, సూరిబాబుని బావా అని పిలుస్తుంది.

"నేను తినేది రెండు పూటలా గుప్పెడన్నం. అయినా ఇలా ఊరిపోతున్నానేంటో!" అని రత్నం వచ్చినవాళ్ళందరితో అంటుండేది. నిజమే, కంచంలో గుప్పెడే. కానీ పొద్దున్న ఆరింటి నించి పదకొండు దాకా, ఎనిమిది కూరలకి, కూరకి ఐదారుసార్లు నేను ఆమె అరచేతి మీదకి ఒంగేదాన్ని. ఉప్పు చూడ్డానికి ఒకసారి చాలు. మిగతావి దేనికో ఆమె నన్నెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నలభై నాలుగేళ్ళకి నూట పన్నెండు కేజీలయింది. సుగరొచ్చింది. పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేదట. ఒకరోజు గ్యాస్ బండ దగ్గర కాలు జారి పడిపోయింది. సూరిబాబు, పైడితల్లి, రోడ్డు మీద పోయే ఇద్దరూ కలిసి లేపేసరికి సాంబారు అడుగంటిపోయింది. మోకాళ్ళకి ఆపరేషన్ చేయమని వెళ్తే, ముందు బరువు తగ్గితే గానీ కుదరదన్నారు. నాలుగేళ్ళుగా తగ్గని బరువు ఇక పథ్యాలతో తగ్గదని, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ ఉందని చెప్పారు.

"బాగున్న పొట్టని కోయించుకుంటావా?" అన్నాడు సూరిబాబు. "వాళ్ళేదో చెబితే నమ్మేయడమేనా?"

"బాగుంటే నన్ను నలుగురు లేపడం ఎందుకయ్యా?" అంది రత్నం.

మొగుడికి ఆస్పత్రి మీద అనుమానం. పైడితల్లికి ఆపరేషనయ్యాక అక్క కొట్టు మూసేస్తుందేమోనని అనుమానం. నా అనుమానం మాత్రం రత్నం మీదే.

ఆపరేషన్ కి రెండు వారాల ముందు నించి ద్రవాలే తాగాలన్నారు. కాలేయం కొవ్వు పట్టి ఉబ్బి ఉందట, అది తగ్గకపోతే లోపల పనిచేయడానికి దారి ఉండదట. ఆ రెండు వారాలూ కొట్టు మూయడం కుదరదు. అంటే రత్నం ఎనిమిది కూరలు వండాలి, ఒక్కటీ నోట పెట్టకూడదు. ఉప్పు చూసే పని పైడితల్లికి అప్పగించింది. పైడితల్లి ఇంట్లో అందరికీ బీపీ. ఆవిడ నాలుకకి చిటికెడు ఉప్పే సముద్రం. మూడు రోజుల్లో చప్పిడి కూరలని జనం గొణగడం మొదలుపెట్టారు.

నాలుగో రోజు పైడితల్లి కొత్తిమీర తేవడానికి వెళ్ళింది. రత్నం చుట్టూ చూసింది. నన్ను పనసపొట్టు కూరలో ముంచింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. కళ్ళు మూసుకుని అరచెయ్యి అంతా నాకింది. నేను అనుకున్నదే అయింది.

కానీ తర్వాత జరిగింది నేను అనుకోలేదు. చెయ్యి కడుక్కుని, ఫోను తీసి, ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే ఫాతిమా గారికి చేసింది.

"అమ్మా, తప్పు చేశాను. కూర తిన్నాను. నా ఆపరేషన్ పోయినట్టేనా?"

ఫోనులోంచి ఆ అమ్మాయి గొంతు చిన్నగా వినిపించింది. "పోలేదండీ. చెప్పారు, అదే ముఖ్యం. ఇప్పటి నించి మళ్ళీ మొదలుపెట్టండి. వండేటప్పుడు మూతికి మాస్కు కట్టుకుని చూడండి, చెయ్యి దానంతట అదే నోటికి వెళ్ళకుండా ఉంటుంది."

ఒప్పుకున్నవాళ్ళే మళ్ళీ చేస్తారని గవర్రాజు అంటుండేవాడు. నేను కాచుకుని కూర్చున్నాను. రత్నం మాస్కు కట్టుకుని వండింది. రెండుసార్లు ఆమె చెయ్యి నన్ను నోటి దాకా తెచ్చి, గుడ్డకి తగిలి ఆగింది. రెండుసార్లూ ఆమెకే నవ్వొచ్చింది. సాయంత్రం సూరిబాబు వచ్చి, పెళ్ళాం అరచెయ్యి పట్టుకుని వాసన చూసేవాడు. "సబ్బు వాసన," అనేవాడు, అదీ ఏదో దాచిపెట్టడానికే అన్నట్టు.

ఆపరేషన్ కి వెళ్ళేనాటికి ఐదు కేజీలు తగ్గింది. కొట్టు పదిహేను రోజులు మూశారు. నేను మేకుకి వేలాడుతూ చీకట్లో ఉండిపోయాను. అక్కడేం జరిగిందో తర్వాత ఆమె పైడితల్లికి చెబుతుంటే విన్నాను. పొట్టలో చాలా భాగం తీసేసి, సన్నటి గొట్టంలా మిగిల్చారట. లేచిన రోజు ముప్పై మిల్లీల నీళ్ళు, అవి కూడా చుక్క చుక్కగా, పావుగంట సేపు. గొంతు ఎండిపోయి మొత్తం గటగటా తాగాలనిపించి, గోడ గడియారం వంక చూస్తూ ఏడ్చిందట.

"ఆకలి వేయలేదే పైడీ," అంది. "ఆకలి ఉంటే దాన్నే తిట్టుకుందును. ఆకలి లేకుండానే తినాలనిపించింది చూడు, అప్పుడు భయమేసింది."

పదహారో రోజు కొట్టులోకి వచ్చింది. ఎత్తు స్టూలు మీద కూర్చుని పురమాయించడమే పని. పల్చటి పెసరకట్టు, మజ్జిగ తేట, ఆస్పత్రివాళ్ళిచ్చిన పొడి కలిపిన పాలు, ఇవే ఆమె తిండి. కారం, మసాలా, గట్టి పదార్థం ఏదైనా సరే లోపల కుట్లకి ప్రమాదమన్నారు. ఏది ఎంత తాగిందో నోటుబుక్కులో రాసుకునేది. రాతల్ని కూడా నేను నమ్మలేదు. పుస్తకంలో ఏమైనా రాయొచ్చు.

సూరిబాబు బరువు చూసే మిషను కొనుక్కొచ్చాడు. మొదట నూట ఒకటికి దిగింది. మర్నాడూ నూట ఒకటే. ఐదో రోజూ, ఎనిమిదో రోజూ అంతే. సూరిబాబు మిషన్ని గోడ వారకి జరిపాడు, గుమ్మం బయట పెట్టాడు, తను ఎక్కి చూశాడు. ఆపైన పెళ్ళాం వంక చూడ్డం మొదలుపెట్టాడు. పైడితల్లి కూడా మూకుళ్ళలో కూర ఎంత ఉందో కంటితో కొలిచి వెళ్ళేది. ఆ కొట్టులో ఎనిమిది రోజులు ఎవరూ ఎవరికీ వీపు చూపించలేదు.

ఆ మధ్య రత్నం కొత్త పని ఒకటి పెట్టుకుంది. నన్ను కూరలో ముంచి ముక్కు దగ్గర పెట్టుకునేది. వాసనతో ఉప్పు కనిపెట్టడం నేర్చుకుంటున్నానని తనలో తనే అనుకునేది. ముక్కుకీ నోటికీ రెండంగుళాల దూరం. ఆ రెండంగుళాలూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇరవై నాలుగో రోజున గుత్తివంకాయ. నూనె తేలి, కొబ్బరి, నువ్వులు మగ్గిన వాసన. పైడితల్లి బయట గిన్నెలు తోముతోంది. రత్నం మాస్కు తీసేసింది. నన్ను ముంచింది. ముక్కు దగ్గర ఆపలేదు. ఇంకా కిందకి తెచ్చింది. ఆవిరికి ఆమె పై పెదవి తడిసింది. నా అంచు కింది పెదవిని తాకింది. నేను ఇంతకాలం ఎదురు చూసిన క్షణం ఇదేనని నాకు తెలిసిపోయింది. అలా ఎంతసేపుందో! కూర చల్లారి నా అంచున నూనె పేరుకుంది. అప్పుడు రత్నం ఊపిరి వదిలి, నన్ను వంచి, చుక్క మిగలకుండా మూకుట్లోకి ఒంపేసింది.

సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలో సూరిబాబు.

"చూశాను," అన్నాడు. "కళ్ళారా చూశాను. అందుకే ఆ మిషను ముల్లు కదలట్లేదు!"

"నేను తినలేదయ్యా."

"మూతికి అంటుకుని ఉంటే తినలేదంటావా? లోపల కుట్లు తెగితే ఏంటి నా గతి?"

గిన్నెలు వదిలి వచ్చిన పైడితల్లి గొంతు కలిపింది. "రోజూ మొహం కాడ పెట్టుకుంటాది బావా. నేనే చెబుదామనుకున్నాను."

నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో నోరు లేదు. నిజం చెప్పాలంటే, నోరుంటే మాత్రం ఏం చెప్పేదాన్ని? ఆ క్షణం ముందు వరకూ నేనూ వాళ్ళ పక్షమే.

రత్నం ఒట్టు వేయలేదు. ఏడవలేదు. పెదవి తుడుచుకుని, నన్ను కడిగి మేకుకి తగిలించింది. "పద ఆస్పత్రికి. ఇప్పుడే. తిన్నానని వాళ్ళు తేల్చితే ఈ కొట్టు తాళాలు నీకిచ్చేసి ఇంట్లో కూర్చుంటాను," అంది. పొయ్యి కట్టేసి, వంకాయ కూర మూత కూడా పెట్టకుండా ట్రాలీ ఎక్కేసింది.

మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చారు. సూరిబాబు స్టూలు మీద కూలబడి పైడితల్లికి చెప్పాడు. ఫాతిమా గారు నోటుబుక్కు మొత్తం చదివిందట. జ్వరం, నొప్పి, వాంతులు ఏమైనా ఉన్నాయా అని అడిగిందట. డాక్టరు గారు కూడా పరీక్ష చేసి అంతా బాగుందన్నారట. మూడో వారంలో బరువు ఇలా ఆగిపోవడం చాలామందికి ఉండేదేనని, దానంతటదే కదులుతుందని చెప్పారట.

"రోజూ మిషనెక్కించకండి అని నన్నే కసిరింది ఆ పిల్ల," అన్నాడు. "జాకెట్టు వదులైందా లేదా చూశారా అంది. నేనెక్కడ చూశాను?"

పైడితల్లి తల దించుకుంది. రత్నం జాకెట్టు భుజం మీంచి జారుతోంది. పిన్నీసు పెట్టుకుని ఉంది. ఎన్నాళ్ళ నించో, మేము ముగ్గురం చూడనేలేదు.

"పెదవి దాకా తెచ్చిన మాట నిజం," అంది రత్నం. "అదీ చెప్పాను వాళ్ళకి. ఒంపేశానని కూడా చెప్పాను. నమ్మారు."

సూరిబాబు క్షమించమని అనలేదు, ఆ మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. లేచి నన్ను మేకు మీంచి తీశాడు. వంకాయ కూరలో ముంచి తన అరచేతిలో పోసుకున్నాడు. జన్మలో మొదటిసారి. "ఇక్కణ్ణించి ఉప్పు నేను చూస్తాను. పొద్దున్నే లోడు లేనప్పుడు వస్తా," అన్నాడు. నాకి, మొహం చిట్లించి, "బాగుంది" అన్నాడు. ఏమీ బాలేదు. అందులో ఉప్పే వేయలేదు.

ఐదో వారం దాటాక మెత్తటివి తినొచ్చన్నారు. కూర కూడా, కారం లేకుండా, అర చెంచా. ఆ రోజు రత్నం కోసం విడిగా సొరకాయ పప్పు వండారు. సూరిబాబు లోడు మానుకుని వచ్చాడు. పైడితల్లి పని ఆపి నిలబడింది. రత్నం చిన్న చెంచాతో అర చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. అంతసేపు నమలడానికి అందులో ఏముందో నాకర్థం కాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉందే?" అన్నాడు సూరిబాబు.

"ఉప్పు కషాయంలా ఉంది," అంది రత్నం. "ఇంతకాలం జనానికీ ఇలాగేనా వండి పెడుతున్నారు?"

మొగుడూ పైడితల్లీ ఒకర్నొకరు చూసుకున్నారు. పప్పు గిన్నె ఆమె ముందే ఉంది. చెంచా చేతిలోనే ఉంది. నేను గిన్నె అంచున ఆనుకుని ఉన్నాను, ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఇప్పుడు నా కాడ పట్టుకుంటుందని అనుకున్నాను.

రత్నం చెంచా సింకులో వేసింది. నన్ను తీసి పైడితల్లి చేతిలో పెట్టి, "కాసిని నీళ్ళు పోసి కలుపు," అంది. వెళ్ళి గోరుచిక్కుళ్ళు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం దాకా నేను ఆమె వంకే చూస్తూ ఉన్నాను. రత్నం మళ్ళీ ఇటు తిరగలేదు.