కిటికీలో ఒంటికాలి కొంగ

అమెరికాలోని జార్జియాలో నది ఒడ్డున ఉంటుంది మా ఊరు. ఆ చలికాలం పాత ఇళ్ళను కాపాడే కమిటీవాళ్ళు పాత ఊరి పటం మీద కొత్త గీత గీస్తున్నారు. గీత లోపలి ఇంటిని ఎవరూ కూల్చకూడదు. బయట పడిన ఇల్లు రోడ్డు వెడల్పులో పోతుంది. మా ఇల్లు ఎటు పడుతుందోనని నాయనమ్మకూ నాకూ ఒకటే బెంగ.

శనివారాలు నేను కమిటీకి ఊరికే పనిచేసేదాన్ని. ఇళ్ళ కొలతలు రాసేదాన్ని. కమిటీ పెద్ద మిస్ లెనోరా ఒకరోజు మా ఇంటికి వచ్చింది. వడ్రంగి అయిన మా ముత్తాత తన చేతులతో కట్టిన ఇల్లు అది. కిటికీలకు అలలు తేలిన పాత అద్దాలు. ఒక అద్దం మీద ఒంటికాలి కొంగ బొమ్మ. ఏడేళ్ళప్పుడు నాయనమ్మ ఆకురాయి ముక్కతో గీసింది.

"రెండో కాలు గీసేలోపే మా నాన్న చెవి మెలేశాడు మిస్ లెనోరా! డెబ్బై ఏళ్ళుగా పాపం కుంటుతూనే ఉంది."

మిస్ లెనోరా పడీపడీ నవ్వింది. పీచ్ పండ్లతో చేసిన కాబ్లర్ అనే తీపి వంటకం రెండుసార్లు వడ్డించుకుని తింది. వెళ్తూ నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీ ఇల్లు ముత్యం మిస్ ఓజెల్లా. ఆ కిటికీలే, గాలికి గడగడలాడుతున్నాయి. సర్వేవాళ్ళొచ్చేలోపు మార్పించెయ్యండి. మనిషిని నేను పంపిస్తాగా."

నేను గేటు దాకా వెళ్ళి అడిగాను. "పాతవి తీసెయ్యకూడదని మన కమిటీ నియమాల పుస్తకంలో ఉంది కదండీ?"

"అది మా పెద్ద ఇళ్ళకి, వెర్నెల్ తల్లీ."

నమ్మాను. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే వాకిలి మెట్లు కూడా సబ్బుతో కడిగే మనిషి నాయనమ్మ, వెంటనే సరేనంది. వారంలో తెల్లటి ప్లాస్టిక్ కిటికీలు వచ్చాయి. పాతవాటిని ఆ మనిషి చెత్తలో పారేస్తానంటూ బండిలో వేసుకుపోయాడు.

మార్చిలో పటం వచ్చింది. గీత మా పక్కింటి దాకా వచ్చి ఆగిపోయింది. పటంలో మా ఇంటి గుర్తు పక్కన ఒకటే ముక్క: కిటికీలు కొత్తవి, అసలు రూపం పోయింది.

"అయ్యో, సర్వేవాళ్ళు ఎంత కఠినులో!" అంది మిస్ లెనోరా.

ఏప్రిల్లో పాత ఇళ్ళు జనానికి చూపించే రోజున, సాయం చేస్తానని ముందే ఇచ్చిన మాట కోసం మిస్ లెనోరా ఇంటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళకు చూపించడానికి నన్ను భోజనాల గదిలో నిలబెట్టింది. తూర్పు కిటికీలోంచి ఎండ బల్ల మీద అలలు అలలుగా పడుతోంది. తలెత్తి చూశాను. అద్దంలో కొంగ. ఒక్కటే కాలు.

"ఎంత ముద్దుగా ఉందో! ఎవరు గీశారండీ?" అని ఒకావిడ అడిగింది.

"పూర్వం మా ఇంటి చిన్నపిల్ల ఎవరో. పేరు తెలీదు" అంది మిస్ లెనోరా, నా వైపు చూడకుండా.

"నాకు తెలుసు" అన్నాను. "ఓజెల్లా. మా నాయనమ్మ. మిల్లు వీధిలో ఉంటుంది. ఆగస్టులో ఆ ఇల్లు కూలుస్తారు."

మిస్ లెనోరా నా భుజం నిమిరింది. "పొద్దుటినుంచీ నిలబడే ఉంది పాపం. ఎవరైనా ఈ పిల్లకి కాస్త చల్లటి టీ ఇవ్వండమ్మా."

నా బట్టలకున్న కమిటీ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇంటి దగ్గర నాయనమ్మ పాత పేపరుతో కొత్త కిటికీలు తుడుస్తోంది. గీత సంగతి ఏదో పొరపాటనీ, మిస్ లెనోరా సరిచేయిస్తుందనీ ఇంకా ఆమె ఆశ.

"మన సంగతి ఏమైనా అందా బిడ్డా?"

ఆమె చేతిలోంచి పేపరు తీసుకున్నాను.

"కూర్చో నాయనమ్మా. నీ కొంగ కనబడింది."