మిరపాకు ఊపిరి

తల్లి చేసిన నిర్వాకం తెలిసేసరికి సింధూజకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. కూతురి పరిశోధనకు ఎవరి కళ్లో తగులుతాయని భయపడి, మిరపాకుల ఊపిరి పట్టే సంచులకు లీలావతి దిష్టి తీసింది. మూతుల దగ్గర నోరు పెట్టి మరీ "తూ తూ" అని ఊదింది!

"మంచికే జేసిన బిడ్డా."

"నీ మంచి సల్లగుండ! నా కష్టమంత గంగల కలిపినవ్ గదనే అమ్మా!"

సంగతేమిటంటే, కార్బన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలు. చీకటి కమ్మగానే మిరపాకు మొదట వదిలే ఊపిరిలో, దాని చక్కెరలోకన్నా బరువు కార్బన్ వంతు ఎక్కువ. చీకటి సాగేకొద్దీ అది తగ్గుతుంది. సింధూజ కొలతలు చెప్పేది ఇదే. దిష్టి సంగతి విన్నాక వరంగల్‌లో గైడు సౌమ్య మేడం ఆ కొలతలను నమ్మలేదు. జొన్నరొట్టె తినే మనుషుల ఊపిరిలోనూ ఆ బరువు కార్బన్ ఎక్కువే, అది కలిసి ఉంటుంది, థీసిస్‌లో ఆ అధ్యాయం తీసెయ్యమంది. సింధూజ వాళ్లింట్లో పూటపూటా జొన్నరొట్టే మరి!

ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియకపోయినా, చేనులోనే ఇంకోసారి కొలిచి చూడమని అడిగింది. మేడం కార్బన్ కొలిచే యంత్రాన్ని జీపులో వేసుకుని మరిపెడలోని వాళ్ల చేనుకు వచ్చింది.

మిట్టమధ్యాహ్నం ఒక మొక్కను గాలి చొరని పెట్టెలో ఉంచి, లోపలి పాత గాలిని తోసేసి, పైన నల్లపట్టా కప్పారు. లీలావతి తనంతట తానే మూతికి కొంగు కట్టుకుని దూరంగా పోయి నిలబడింది.

మొదటి అంకె బరువుగానే వచ్చింది.

"సంబరపడకు. బయటి గాలి దూరినా ఇట్లనే వస్తది. దూరితే మాత్రం ఈ అంకె దిగదు," అంది మేడం.

మళ్లీ అదే అంకె. ఆ తరువాతా అదే. దిగవే తల్లీ, అని సింధూజ లోలోపల మొక్కుకుంది.

దిగింది. ఒకసారి మొదలయ్యాక ఆగకుండా దిగుతూనే పోయింది. మేడం పెట్టె అంచులన్నీ తడిమి చూసింది. నమ్మకం చాలక ఇంకో మొక్క పెట్టించింది. అదీ అంతే.

"ఆకు ఊపిరే సింధూజా. పొరపాటు నాది. తీసెయ్యమన్న అధ్యాయాన్నే మొదట పెట్టు."

సింధూజ కేక చేనంతా వినబడింది. ఒక్క పరుగున పోయి తల్లిని నడుం పట్టుకుని ఎత్తి, మిరపసాళ్ల మధ్య గిరగిరా తిప్పింది.

"పడేస్తవే పిల్లా, దింపు!" అని లీలావతి మొత్తుకుంటూనే ఉంది. కూతురు వింటేగా.