వెనకవైపు నెమలి

చెంబు మెడ మీద ‘కృపామణి’ అన్న పేరుకు చివరి గుడి పెట్టి, మునిరామయ్య ఉలిని బొటనవేలి గోరు మీద గీసి పదును చూసుకున్నాడు. గాంధీ రోడ్డులో పాత్రల అంగడి మెట్టు అతని చోటు. లోపల గాజుపెట్టెలో కొత్త యంత్రం చుక్క వెలుగుతో నిమిషంలో పేరు రాసేస్తుంది. అయినా సుత్తిదెబ్బే కావాలనే ఆడవాళ్ళు ఇంకా కొందరున్నారు. తడిమితే అక్షరం వేలికి తగలాలట.

వంగి వంగి అతని కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. వేళ్ళ మడతల్లో ఇత్తడి పొడి ఏ సబ్బుకూ లొంగదు. ఆ పొద్దు మాత్రం చేతికి పని మీద ధ్యాస లేదు. అస్తమానం చొక్కా జేబు తడుముకుంటోంది. జేబులో రెండు అట్టముక్కల మధ్య ఒక పలచటి కాగితం ఉంది.

“ఈ పొద్దుకింతే సామీ. పోతా ఉండా” అని అంగడాయనకు చెప్పి లేచాడు.

మునిరామయ్యకు బొమ్మ గీయడం రాదు. హంసలు, మామిడిపిందెలు, శంఖుచక్రాలు అన్నీ పెళ్ళైన కొత్త నుంచీ భార్య పంకజాక్షి గీసినవే. ఆమె గీసిస్తే, అతను ఆ కాగితాన్ని గంజితో పళ్ళెం మీద అంటించి, గీతల వెంబడే చెక్కుకుంటూ పోయేవాడు. పని అయ్యేసరికి కాగితం ఉలి కింద పొట్టుపొట్టయ్యేది. కడిగి పారబోసేవాడు. ఆమె బొమ్మలు ఊళ్ళో ఇంటింటా ఉన్నాయి. ఆమె చెయ్యి పడిన కాగితం మాత్రం తన ఇంట్లో ఒక్కటీ లేదని నిన్ననే అతనికి తట్టింది.

పంకజాక్షిని ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు. నిన్న ఆమె పడుకునే పెన్సిలడిగి, ఆగి ఆగి ఒక నెమలిని గీసింది.

“ఊరోళ్ళ గిన్నెలన్నీ చెక్కినావు మామా. మాయమ్మ నాకిచ్చిన ఇత్తడి పళ్ళెం మీద ఒగ గీత ల్యా. ఇది చెక్కు. సూసి పోతా.”

అంటించి చెక్కితే కాగితం పోతుంది. అతనికి పళ్ళెమూ కావాలి, కాగితమూ కావాలి. పొద్దున జెరాక్సు తీయించబోతే, అంత సన్నని గీత యంత్రానికి అందక తెల్లకాగితమే వచ్చింది. రంగు పెంచితే అంతా మసి. కింద కార్బన్ కాగితం పెట్టి గీత దించడమొక్కటే దారి.

“కార్బన్ పేపరా! ఇంకా యాడుండాది తాతా?” అని మొదటి అంగడిలో నవ్వారు. రెండో చోట దుమ్ముకట్టలోంచి నీలంది ఒకటి లాగిచ్చారు. గోటితో ఎంత గీసినా చుక్క దిగలేదు. ఎండి వరుగైపోయింది.

జేబులో ఫోను మోగింది. పంకజాక్షికి తోడుగా ఉంచి వచ్చిన పక్కింటి నాగులమ్మ.

“ఇంగా రాలేదేందబ్బా? నీళ్ళు గూడా మింగడంల్యా. పళ్ళెం పళ్ళెం అంటా ఉండాది.”

అంటించి చెక్కేస్తే సరిపోతుందేమో. ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు. కాళ్ళు ఆగాయి. సందు మొదట్లో జాకెట్లకు పూసలు, జరీ కుట్టే మగ్గం అంగడి కనబడింది. గుడ్డ మీదికి బొమ్మ దించే పని వాళ్ళకూ ఉంటుంది.

లోపల మగ్గం పని చేసే ధరణి ఫోనులో మొగుడితో కిలకిలలాడుతోంది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. “మల్లెపూలు తెస్తే సరి, ల్యాకుంటే తలుపు గడి తీసేది ల్యా, ఆఁ!” అని పెట్టేసి, ఆ నవ్వుతోనే ఇటు తిరిగింది.

అతను బొమ్మ చూపించి సంగతి చెప్పాడు.

“అదెంత పని! గీతల మీద సూదితో బొక్కలు పొడిచి, కిరసనాయిల్లో రంగుపొడి కలిపి రుద్దితే దిగిపోతాది.”

“పొడవద్దు పాపా!” అంటూ కాగితం వెనక్కి లాక్కున్నాడు.

ఆమె నవ్వు ఆగింది. “ఎవురు గీసినారు తాతా?”

“మా ఇంటామె.”

ధరణి సొరుగంతా వెతికి, గుడ్డల మీద గుర్తులకు వాడే ఎర్ర కార్బన్ తీసింది. “ఒగటే ఉండాది. వాడిందే, అయినా పడతాది. అవ్వను నాకూ ఒగ నెమలి గీసీమను.”

అతను తలూపి మెట్లు దిగాడు.

ఇంట్లో పంకజాక్షి కళ్ళు తెరిచే ఉన్నాయి. చింతపండుతో తోమి సిద్ధంగా పెట్టిన పళ్ళేనికి సుద్ద పలచగా పూసి, కార్బన్ పరిచి, మీద బొమ్మ పెట్టి, మొండి సూదితో గీతల వెంట పోయాడు. తోక చివరికంటా దిద్ది కాగితాలు ఎత్తాడు.

పళ్ళెం మీద ఏమీ లేదు.

జన్మంతా అంటించి చెక్కిన మనిషి. కార్బన్‌కు రంగువైపు కిందికుండాలని తోచక పైకి పెట్టాడు. పెన్సిల్ బొమ్మ వెనకవైపు, అటు తిరిగిన ఎర్ర నెమలి ఒకటి పడింది.

“పాడు జేసినా పంకజా.”

“ఏదీ?” అందామె. నాగులమ్మ కాగితం తిప్పి చూపించింది. పంకజాక్షి ఎండిన పెదవులు వంకరపోయాయి. నవ్వుతోందని గ్రహించడానికి అతనికి కాసేపు పట్టింది.

“నాది ఒంటిగా ఉండె. దానికి జోడు తెచ్చినావు. ఇన్నేండ్లకు నువ్వూ ఒగ బొమ్మ గీసినావు మామా… తిప్పి పెట్టు.”

తిప్పి పెట్టాడు. ఉన్న రంగంతా ఒకసారికే పోయి ఉంటే? మొండి సూదితో మళ్ళీ నొక్కి దిద్దాడు. ఎర్రగీత వెలవెలబోతూ, అయినా దిగింది.

అతను ఉలి అందుకున్నాడు. బొమ్మల పని ఇంట్లోనే చేసేవాడు, ఆ టకటకలోనే ఆమె పెళ్ళైనప్పటి నుంచీ మధ్యాహ్నపు కునుకు తీసేది. ఇప్పుడు మాత్రం రెప్ప వేయలేదు. చెక్కడమయ్యాక సుద్ద కడిగి, పళ్ళేన్ని కళ్ళెదుట పట్టుకున్నాడు. ఆమె చాలాసేపు చూసింది. ఆమె వేలిని తీసుకుని నెమలి తల మీద పెట్టాడు. వేలు మెడ మీదుగా జారింది, రెక్క దాటింది, తోక సగంలో ఆగింది.

మళ్ళీ కదులుతుందని అతను పళ్ళెం అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నాగులమ్మ మెల్లగా వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

గూట్లో సుత్తి కింద కాగితం ఉంది. బల్లఫాను ఇటు తిరిగినప్పుడల్లా దాని అంచు లేస్తోంది, వెనకనున్న నెమలి తోక ఇంత ఎర్రగా కనబడి మళ్ళీ అణుగుతోంది.