రెండో డబ్బా

టైలరమ్మకు ఆ వీధిలో అందరి నడుము కొలతలూ నోటికి వచ్చు. తన నడుము దగ్గరికి వచ్చేసరికి మాత్రం టేపు చాలదు. నోరు కట్టుకోమని చెప్పని డాక్టరు లేడు. ఒకరోజు అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఆ ఇంట్లోనే ఉండే చెల్లెలూ ఆ మాటే అంది. ఈవిడ ఊరుకుందా, నాలుగు మాటలు ఎక్కువే అంది. చెల్లెలు పెట్టె సర్దుకుని వేరే ఇంటికి వెళ్లిపోయింది. రెండేళ్లయింది, ఇద్దరికీ మాటల్లేవు.

ఆ మధ్య ఆస్పత్రివాళ్లు ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఒకే ఇంట్లో ఒకే వంట తినే ఇద్దరిలో ఒకరు లావు, ఒకరు సన్నం ఎందుకవుతారు, అందులో పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల పాత్ర ఎంత అని. తప్పంతా నోటిదే కాకపోవచ్చని నర్సు చెప్పినప్పుడు టైలరమ్మకు ఏడుపొచ్చింది. అయితే జంటగా ఉంటేనే చేర్చుకుంటారట. చెల్లెలు ఇంట్లోనే ఉందని రాసి సంతకం పెట్టేసింది.

అప్పటినుంచి ప్రతి సోమవారం నర్సు ఫోన్ చేసి, ఆ రోజు ఏం తిన్నారో అడిగి రాసుకునేది. టైలరమ్మ మిషన్ ఆపేసి మరీ మాట్లాడేది. తిన్నావా అని అడిగే మనిషి ఆవిడకు ఇంకెవరున్నారు గనక? ఆ ఒక్క ఫోన్ కోసం వారమంతా ఎదురుచూసేది.

మలం పరీక్షకు రెండు డబ్బాలు ఇచ్చారు, ఒకటి అక్కది, ఒకటి చెల్లిది. చెల్లిని ఎక్కణ్నుంచి తెస్తుంది? మహా తెలివిగా రెండూ తనే నింపి పంపింది.

సోమవారం ఫోన్ మోగింది.

"ఒకే ఇంటివాళ్లకి పోలికలుంటాయండి. మీ డబ్బాల్లోవి పోలికలు కావు, రెండూ ఒకే మనిషివి," అంది నర్సు. "మీ చెల్లెలు ఉన్నట్టా, లేనట్టా?"

"ఉందమ్మా. నా దగ్గరే లేదు."

"అయితే మీ పేరు తీసేయాలండి."

"తీసెయ్యి. ఫోన్ మాత్రం ఆపకు తల్లీ."

"పేరు లేనివాళ్లకి చెయ్యనివ్వరండి. ఏమనుకోకండి."

చేసిందంతా తనే, ఎవరిని అని ఏం లాభం? అయినా టైలరమ్మకు ఫోన్ పెట్టబుద్ధి కాలేదు. నర్సూ పెట్టలేదు.

"ఇవాళ సోమవారమే కదమ్మా," అంది టైలరమ్మ చివరికి. "ఇవాళ్టిది అడుగు."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"పొద్దున ఏం తిన్నారండీ?" అంది నర్సు.

టైలరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొద్దున తిన్న రొట్టె దగ్గర మొదలుపెట్టి, ఒక్క ముక్క కూడా వదలకుండా, వీలైనంత నెమ్మదిగా చెప్పసాగింది.