పదో వంతు తేడా

కొండపొట్టేలును వేటాడే పర్మిట్ కోసం వెర్ల్ హాగెన్ ముప్పై ఒక్క ఏళ్లు దరఖాస్తు పెట్టాడు. మోంటానాలో అది లాటరీలో తగలాలి. ఒకసారి తగిలినవాడు మళ్లీ ఏడేళ్లదాకా అడగకూడదు. ఈ ఏడాది తగిలింది. వెర్ల్‌కు డెబ్బై రెండేళ్లు. గడువు నవంబరు ఆఖరి ఆదివారం సాయంత్రం వరకు.

మా తుపాకీ క్లబ్బులో కొన్న తూటా కాల్చేవాడి పక్కన ఎవరూ కూర్చోరు. ఖాళీ తూటా గుల్లలో తుపాకిమందు తూచి పోసి, ఎవరి తూటా వాళ్లు చేసుకోవాలి. వెర్ల్ సెప్టెంబరులో తూచడానికి కూర్చున్నాడు. తండ్రి నాటి చేతి త్రాసు ఒక అంకె చూపింది. బావమరిది డ్వైట్ తెచ్చిన ఎలక్ట్రానిక్ కాటా దానికంటే గ్రెయిన్‌లో, అంటే మందు తూచే ఆ చిన్న కొలతలో, పదో వంతు ఎక్కువ చూపింది.

"నీ త్రాసు మీ నాన్నతోపాటే పోయింది బావా," అన్నాడు డ్వైట్.

"నీ కాటా హీటరు వేస్తే ఒక మాట, ఆపితే ఒక మాట. మీ ఇంటి బుద్ధే అది."

"మా ఇంటి బుద్ధి వంటింట్లో ఉంది. వింటోంది," అంది వెర్ల్ భార్య లోర్నా.

అంత తేడాకు రెండు వందల గజాల్లో గుండు వేలెడు కూడా పక్కకు పోదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

తీర్పు కోసం వెర్ల్ మూడో త్రాసు తెప్పించాడు. అది మొదటి రెంటినీ కాదంది. త్రాసులను పరీక్షించే తూకపురాయి కొన్నాడు. ఆ రాయి సరైనదో కాదో చూడమని మందుల షాపుకు పట్టుకెళ్లాడు. అక్టోబరు అలా గడిచింది. నవంబరులో హీటరు ఆపేసి, కోటు వేసుకుని తూచాడు. చలికి చేతులు వణికి త్రాసు నిలవలేదు.

ఆఖరి శుక్రవారం లోర్నా ఇరవై తూటాల పెట్టె కొని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఫ్యాక్టరీవాళ్లు తూచే ఉంటారు. ఇక బయల్దేరు."

"తూచారని ఎవరు చూశారు?"

శనివారమంతా బావా బావమరుదులు ఆ తూటాలను ఒక్కొక్కటే విప్పి, లోపలి మందును మూడు త్రాసుల్లోనూ తూచారు. పందొమ్మిదోది విప్పుతుండగా లోర్నా వచ్చి, మిగిలిన ఒక్కదాన్నీ జేబులో వేసుకుంది.

ఆదివారం ఆమే ట్రక్కు నడిపింది. మూడున్నరకు, నూట ఎనభై గజాల దూరంలో, ఒక పొట్టేలు పక్కకు తిరిగి నిలబడింది. వెర్ల్ తుపాకిని బండ మీద ఆనించాడు. లోర్నా తూటా అందించింది.

"కొట్టు."

వెర్ల్ తూటాను చెవి దగ్గర ఊపి చూశాడు. "ఇందులో మందెంత?"

"పొట్టేలుకు చాలినంత."

"అంకె చెప్పు."

లోర్నా నోటికొచ్చిన అంకె చెప్పింది.

"ఎలక్ట్రానిక్ దాంట్లోనా, చేతి దాంట్లోనా?"

పొట్టేలు నాలుగడుగులు వేసి గట్టు దాటింది. గడువు ఇంకో గంటన్నర ఉంది. అది మళ్లీ కనబడలేదు.