నాపరాళ్ల సైటులో తెగిన లింకులు

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ అన్న రామలింగయ్యది. దాని వెబ్‌సైటు మాత్రం తమ్ముడు రాఘవేంద్రప్రసాద్‌ది. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి, వీడియోలు చూసి చూసి సొంతంగా కట్టుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో నాది అని చెప్పుకోవడానికి అతనికి అదొక్కటే ఉంది. ఇప్పుడేమో సగం రాళ్ల బొమ్మలు నొక్కితే పేజీ తెరుచుకోవడం లేదు. ఇది పీకేసి కొత్తది పెడతామని కడప కంపెనీవాళ్లు సాయంత్రానికి వస్తున్నారు.

"ఇంక ఇడిసిపెట్టు రా ప్రసాదూ. వాళ్లు చూసుకుంటారు."

"వాళ్లొచ్చేదాకా ఇది నాది. నువ్వు పోయి లారీ లోడు చూసుకోన్నా."

పేజీల కోడ్ అంతా తెరిచాడు. కంటితో వెతికితే తెమిలేది కాదు. ఏ అక్షరాలు ఏ వరసలో వస్తే పట్టుకోవాలో కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి ఒకటుంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. దాంతో, ప్రతి లింకుకూ ముందుండే href దగ్గర మొదలై కొటేషన్‌తో ముగిసేదాన్నంతా పట్టమన్నాడు. మంచి లింకూ చెడ్డ లింకూ అన్నీ పసుపురంగులో వెలిగాయి.

టీ తెచ్చిన వదిన అలివేలమ్మ కిసుక్కుమంది. "దొంగను పట్టకరమ్మంటే ఊరినంతా స్టేషన్లో కూచోబెట్టినావు గదప్పా!"

"నగు వదినా, బాగా నగు."

మళ్లీ రాశాడు. మూసిన కొటేషన్ వెంటనే ఖాళీ గానీ, ట్యాగు ముగిసే గుర్తు గానీ లేకుంటేనే పట్టుకోవాలి:

href="[^"]*"[^ >]

ఈసారి చెడ్డవే వెలిగాయి. అన్నిటికీ ఒకటే జబ్బు:

href="nalupu-24"x24".html"

రాయి కొలత రాసేటప్పుడు అంగుళానికి రెండు గీతలు పెట్టడం ఊళ్లో అందరికీ చేతి అలవాటు. ఫైళ్ల పేర్లలో లేని ఆ గీతలను ప్రసాద్ లింకుల్లో పెట్టేశాడు. బ్రౌజరు వాటిని కొటేషన్ అనుకుని లింకును మధ్యలోనే మూసేస్తోంది.

"అంటే తప్పు నీదే గదరా!" అన్నాడు రామలింగయ్య, తిరిగొచ్చి చూసి.

"నాదే. దిద్దేదీ నేనే. బయటోళ్లు యాల?"

లింకుల్లోంచి గీతలు తీసేశాడు. ఒక్కో బొమ్మా నొక్కాడు. పేజీలన్నీ తెరుచుకున్నాయి.

అంతలో అన్న ఫోను మోగింది. కడప నుంచే. స్పీకర్‌లో పెట్టాడు. "బయలుదేరుతున్నాం సార్. కొలతలన్నీ సెంటీమీటర్లలో రాసిపెట్టుకోండి."

ప్రసాద్ ఫోను లాక్కున్నాడు. "రావాకండప్పా. సైటు బాగుండాది. కొలతలు అంగుళాల్లోనే ఉంటాయి."

"నన్నడగకుండానే వద్దంటాండావేంరా?"

"ఫ్యాక్టరీ నీదన్నా. దాని జోలికి నేనెప్పుడన్నా వచ్చినానా?"

ఫోను అన్న చేతిలో పెట్టి, కొత్త రాళ్ల ఫొటోలు ఎక్కించడానికి కూర్చున్నాడు.